మూఢానికి ముందు రోజు

తణుకులో నా లేతు షెడ్డుకీ, చంద్రరావు మెకానిక్ షెడ్డుకీ మధ్య ఒక రేకుల గోడే అడ్డం. ఇరవై రెండేళ్లు ఆ గోడకి అటు అతను, ఇటు నేను. నాకు నోటి దురుసు ఎక్కువ. అతనికి మాటే తక్కువ. ఎవరైనా బేరగాడు పేచీ పెడితే నేనే ఇటునుంచి కేకలేసేవాణ్ని, అతను తలొంచుకుని నట్లు బిగించుకుంటూ ఉండేవాడు.

ఒక్క విషయంలో మాత్రం మొండివాడు. రిపేరైన కారుని పంచదార ఫ్యాక్టరీ గేటుదాకా తనే నడిపి, రెండుసార్లు గట్టిగా బ్రేకు తొక్కి చూసుకోనిదే ఎవరికీ ఇచ్చేవాడు కాదు. అంతవరకూ తాళం చెవి అతని చొక్కా జేబులోనే. పెళ్లికి వెళ్లాలని ఒకాయన కాళ్లావేళ్లా పడితే, తాళం ఇవ్వకుండా తనే ఆ కుటుంబాన్ని ఎక్కించుకుని పెళ్లిలో దింపి వచ్చాడు. చాదస్తమని నవ్వుకునేవాళ్లం.

రెండువేల నాలుగులో దీపావళి వెళ్లాక సత్యప్రసాద్ అనే కుర్రాడు పాత జెన్ కారొకటి తెచ్చాడు. పక్క ఊరి రైతు అప్పాజీగారి కొడుకు. అప్పాజీగారు గుండె నొప్పితో పోయి అప్పటికి రెండేళ్లు. ఆ కారు ఆయన ముచ్చటపడి కొనుక్కున్నది.

“అమ్మేసి కొత్తది కొనుక్కుంటానంటే మా అమ్మ ఏడుపండి. నాన్న కూర్చున్న సీటు పరాయివాళ్లకి ఇత్తావా అంటది. ఇదేమో ఎక్కువ లాగట్లేదు. బండి ఇదే ఉండాలి, ఇంజను మాత్రం మారాలి. అవుద్దాండి?” అన్నాడు.

చంద్రరావు బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. “ఎస్టీమ్ కారు ఇంజను కూర్చుంటదండి. వెయ్యి సీసీ పోయి పదమూడొందలు వత్తది. కానీ ఇంజనొక్కటీ మారిస్తే కుదరదు. పరుగు పెరిగితే బ్రేకులు కూడా పెరగాలి. అన్నీ అయ్యేదాకా తొందర పెట్టకూడదు.”

కుర్రాడు ఒప్పుకున్నాడు.

విజయవాడ ఆటోనగర్ నుంచి పాత ఇంజను వచ్చింది. వెనకనుంచి లారీ గుద్దిన కారుదట, అందులోవాళ్లు పోయారట. మూడు నెలలపాటు చంద్రరావు పగలు మిగతా పనులు చేసుకుంటూనే దాని మీద ప్రాణం పెట్టాడు. ముక్క ముక్కా విప్పి, కిరసనాయిల్లో కడిగి, గుడ్డ మీద వరసగా పేర్చుకున్నాడు. సిలిండర్లు బోరు కొట్టించాడు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు వేశాడు. వాల్వులు ఒక్కొక్కటీ పేస్టు రాసి చేత్తోనే అరగదీశాడు. ఇంజనుని కూర్చోబెట్టే ఇనప దిమ్మ నాచేత మూడుసార్లు చేయించాడు. రెండోసారి నూలు పోగంత తేడా ఉందని వెనక్కి తెస్తే నేను బూతులు తిట్టాను. విని, నవ్వి, మళ్లీ చెయ్యమన్నాడు.

స్టార్ట్ చేసిన రోజున మా వీధి వీధంతా వచ్చి చూసింది. అబద్ధం ఎందుకు, నా ఒళ్లు కూడా ఝల్లుమంది.

మిగిలింది బ్రేకులు. పెద్ద డిస్కులు, కొత్త రబ్బరు గొట్టాలు ఆర్డరు పెడితే షాపువాడు వేరే మోడల్‌వి పంపాడు. సరైనవి సోమవారం వస్తాయన్నాడు. బండిని షెడ్డులో అటూ ఇటూ కదపడానికని చంద్రరావు పాత బ్రేకులే తాత్కాలికంగా బిగించాడు. వాటి గొట్టాలు ఎండిపోయి బీటలు తీసి ఉన్నాయి. నాకు చూపించాడు కూడా.

అది మాఘమాసం. శనివారం పొద్దున్నే సత్యప్రసాద్ వాళ్లమ్మ చిట్టెమ్మగారు వచ్చేశారు. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, వెనకాలే కొడుకు, పురోహితుడు.

“అమ్మగారూ, బ్రేకులు ఇంకా అవలేదండి. సోమవారం ఇత్తాను” అన్నాడు చంద్రరావు.

“సోమవారం ఏంటయ్యా? రేపట్నుంచి మూఢం. మళ్లీ రెండు నెలలదాకా ముహూర్తం లేదు. మూఢంలో మావాణ్ని ఎక్కిస్తానా?”

“పూజ ఇక్కడ చేసుకోండి. బండి మాత్రం కదపొద్దండి. బ్రేకులు అవలేదు.”

“నిమ్మకాయలు తొక్కించి, గుడి చుట్టూ తిప్పకపోతే అది పూజెలా అవుద్ది? ఎంతుందని గుడి, కిలోమీటరు.”

“కిలోమీటరైనా బ్రేకులు బ్రేకులేనండి.”

మూడుసార్లు చెప్పాడు. కొబ్బరికాయ పళ్లెం పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. అప్పుడావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఆయన ఉంటే నాకీ బతిమాలుకునే ఖర్మ ఎందుకు?” అంది. ఎదురుగా ఆడమనిషి ఏడుస్తోంది, పురోహితుడు వాచీ చూసుకుంటున్నాడు. నోరు మూసుకుని ఉండాల్సినవాణ్ని, నేను కలగజేసుకున్నాను.

“ఇచ్చెయ్యరా చంద్రం. గుడిదాకానే కదా.”

నేను ఆ మాట అన్నాను. ఇన్నేళ్లలో ఎవరితోనూ చెప్పలేదు.

చంద్రరావు జేబులోంచి తాళం తీశాడు. కుర్రాడి చేతిలో పెడుతూ, “ముప్పై దాటొద్దు బాబూ. గుడికెళ్లి ఇంటి దగ్గర పెట్టెయ్. సోమవారం నేనే వచ్చి తెచ్చుకుంటాను” అన్నాడు.

గుడికి బాగానే వెళ్లారు. తల్లిని ఇంటి దగ్గర దింపాడు కుర్రాడు. ఆ ఇంజను చప్పుడు విన్నాక ఇరవై ఆరేళ్లవాడు బండిని చావిట్లో పెట్టి ఊరుకోగలడా? ఒక్కడే కాలవ గట్టు రోడ్డెక్కాడు. లాకుల దగ్గర మలుపులో చెరుకు లారీ అడ్డంగా ఆగి ఉంది. బ్రేకు తొక్కితే గొట్టం పగిలింది. లారీని తప్పించబోయి నిండు కాలవలో పడ్డాడు. చెరుకు కూలీలు దూకి బయటికి లాగేసరికే అయిపోయింది. నుదుటి మీద పూజలో పెట్టిన కుంకుమ కూడా కడుక్కుపోయింది.

చచ్చినవాళ్ల ఇంజను తెచ్చి పెట్టారు, అదే పట్టుకుపోయిందన్నారు జనం. ఆ మాట పట్టుకుని చంద్రరావు బయటపడొచ్చు. లేదా ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. పోలీసులు అడిగితే అతను చెప్పింది ఇది: “ఇంజనుదేం తప్పులేదండి. బ్రేకులు మార్చడం నేనే మర్చిపోయి బండి ఇచ్చేశాను.”

స్టేషను బయట అతని చొక్కా పట్టుకున్నాను. “నీకేమన్నా పిచ్చా? మూడుసార్లు చెప్పావు కదరా! నేను సాక్ష్యం చెబుతాను, ఆవిడే వినలేదని చెబుతాను.”

“చెబితే నాకు శిక్ష తగ్గుద్ది, అంతే కదా. ఆవిడ మరి బతకొద్దా? కొడుకుని తనే చంపుకున్నానని తెలిశాక ఏ తల్లి బతుకుద్ది?” అన్నాడు. చొక్కా విడిపించుకుని, “అయినా బ్రహ్మం, తాళం ఆవిడ దగ్గర లేదు. నా జేబులో ఉంది” అన్నాడు.

ఇచ్చెయ్యమని నేనన్న మాట అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నేరం ఒప్పుకున్నాడు గనక ఆరు నెలలు వేశారు. రాజమండ్రి జైలుకి నేను రెండుసార్లు వెళ్లాను. ఏం మాట్లాడాలో తెలియక లేతు సంగతులు చెప్పి వచ్చాను. తిరిగొచ్చాక అతని షెడ్డుకి ఒక్క కారూ రాలేదు. పొలాల ఆయిలింజన్లు బాగుచేసుకుని బతికాడు. చిట్టెమ్మగారు బజారుకొచ్చినప్పుడల్లా ఆ షెడ్డు ముందు ఆగి, నోరారా శాపనార్థాలు పెట్టి వెళ్లేది. చేతిలో పని ఆపి, లేచి నిలబడి, పూర్తయ్యేదాకా వినేవాడు. గోడకి ఇవతల నేను లేతు ఆన్ చేసుకునేవాణ్ని, ఆ మాటలు వినపడకుండా.

కుర్రాడి సంవత్సరీకం అయిన మర్నాడు ఆవిడ వచ్చింది. ఈసారి వీధిలో ఆగకుండా లోపలికే వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. మనిషి సగమైపోయింది.

“చంద్రరావూ, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు బ్రేకులు అవలేదని నువ్వు నాతో అన్నావా? ఆ రోజుది నాకేదీ సరిగ్గా గుర్తులేదు. కొన్నాళ్ల నుంచి అన్నట్టే వినపడుతోంది. నిద్రపట్టట్లేదు నాకు.”

చంద్రరావు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. “లేదండి. నేను అనలేదు.”

ఆవిడ నా వైపు తిరిగింది. “వీరబ్రహ్మం, నువ్వున్నావు కదా. అన్నాడా?”

అప్పుడు నిజం చెప్పి ఉంటే నా మాట కూడా బయటికి వచ్చేది. అతను ఆవిడ కోసం అబద్ధమాడాడు. నేను ఎవరికోసం ఆడానో నాకు తెలుసు.

“అనలేదండి” అన్నాను.

ఆవిడ చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలింది.

“అయితే నా కొడుకుని చంపింది నువ్వే.”

“అవునండి, నేనేనండి” అన్నాడు చంద్రరావు.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, వచ్చినప్పటికన్నా కాస్త నిటారుగా నడుచుకుంటూ వెళ్లిపోయింది.