సుబ్బరత్నమ్మ పులుసు గిన్నెకు వేసిన కళాయి

తొమ్మిదేళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా అడ్డుపడి ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్యకూ చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మీకు చెబుతున్నాను. జాలిపడకండి. నేను మంచివాణ్ణి కాను.

మాది తెనాలి. ఇత్తడి గిన్నెల లోపల తగరంతో కళాయి వేయడం మా తాతల నాటి పని. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే చిలుం పట్టి విషమవుతుంది. కొలిమి సామాను సైకిలుకు కట్టుకుని వేమూరు, రేపల్లె, బాపట్ల తిరిగేవాణ్ణి. ఆ మధ్య తగరం ధర మండిపోయింది. ఫోన్లలో, సోలార్ పలకల్లో అతుకులన్నిటికీ అదే కావాలట. ఇంకా పెరుగుతుందని తగరం అమ్మే కొట్టాయన చెప్పాడు. నేనూ రేటు పెంచక తప్పలేదు.

బాపట్లలో సుబ్బరత్నమ్మ పెళ్లిళ్లకు వంటలు చేసేది. భర్త పోయాక ఒంటరిగా ఉండేది. ఏళ్ల తరబడి ఆవిడ గిన్నెలన్నిటికీ నేనే కళాయి వేశాను. ఆ రోజు కొత్త రేటు వినగానే అరుగు మీద నిలబడి వీధంతా వినబడేలా అరిచింది.

"ఏంటి సాయిబూ, తగరం రేటు పెరిగిందా? సీసం కలిపి పూస్తూ తగరం రేటు అడుగుతావా? మాకు తెలీదనుకున్నావా?"

"లేదండమ్మా. మా నాన్న మీద ఒట్టు, రవ్వంత కూడా కలపలేదండి."

"ఒట్లు మీ ఇంట్లో వేసుకో. దొంగ సచ్చినోడా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను ఆనాటి వరకు నిజంగానే కలపలేదు. మరి ఎవరి కోసం ఆ నిజాయతీ? దారి పొడవునా నన్ను నేను అదే అడుగుతూ, ఆవిడను తిట్టుకుంటూ ఇల్లు చేరాను.

ఆ చుట్టుపక్కల ఈ పని చేసేవాళ్లు ఇంకెవరూ లేరు. మరుసటి ఏడు మళ్లీ నన్నే పిలిచింది. పెళ్లి గుండిగలకు మంచి తగరమే వేశాను. ఆవిడ రోజూ తన కోసం చింతపండు పులుసు కాచుకునే గిన్నెకు మాత్రం సగానికి సగం సీసం కలిపాను. చిన్న గిన్నె, అందులో నాకు మిగిలేదేముంది? కసి, అంతే. పులుపు తగిలితే సీసం కూరలోకి దిగి, తిన్నవాళ్ల నరాలను చంపుతుందని నాన్న చిన్నప్పుడే చెప్పాడు. తెలిసే వేశాను.

రెండేళ్ల తర్వాత చూస్తే ఆవిడ మణికట్టు వేలాడిపోయి ఉంది. గరిటె పట్టలేదు. ఎప్పుడూ కడుపునొప్పి. నరాల మందులు మింగుతోంది. పొయ్యి మీద అదే గిన్నెలో పులుసు ఉడుకుతోంది.

"ఆ రోజు నోరు జారాను తమ్ముడూ. నీ పనికి వంక పెట్టేవాళ్లు లేరు. మనసులో పెట్టుకోకు."

నాకు కన్నీళ్లు రాలేదు. ఒళ్లు మండింది. తిడితే బాగుండేది. ఆ గిన్నె పారేయండమ్మా అని ఒక్క మాట చాలు. అనలేదు. "అలాగేనండి" అని సైకిలెక్కాను.

ఆ మరుసటి ఏడు ఆవిడ పోయిందని తెలిసింది. సీసమేనా? వయసా? ఎవరినీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం.

ఇప్పటికీ ఆ అరుగు మీది మాట గుర్తొస్తే పళ్లు కొరుకుతాను. ఆవిడ మీద కోపం చావలేదు. ఆవిడ దొంగ అన్న రోజున నేను దొంగను కాను. తర్వాత, కావాలనే, అంతకన్నా నీచుణ్ణి అయ్యాను. దీన్ని మొత్తంగా చెప్పడం ఇదే మొదటిసారి. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ మాత్రం సుఖానికి కూడా నేను తగనేమో.