పద్మమ్మ కొత్త కన్ను

బహదూర్‌పల్లిలో పద్మమ్మ ఇంటి వరండాలో ఆదివారం మధ్యాహ్నం చాప పరిచారంటే, అక్కడ ఆమె మాటే చట్టం. ఆడేది మూడు పత్తాల ఆట. పందెం చింతగింజలు. తలా రెండు దోసిళ్ళ గింజలతో కూర్చుంటారు. పొద్దు వాలేసరికి ఎవరి ముందు కుప్ప చిన్నదైతే వాళ్ళు వచ్చే ఆదివారం గండిమైసమ్మ చౌరస్తా నుంచి అందరికీ మిర్చి బజ్జీలు మోసుకురావాలి.

ఈ ఆట ఆమెకు మామగారు నేర్పాడు. పెళ్ళైన కొత్తలో ఆయన ఎడ్లబండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని మూడు నెలలు మంచంలో ఉన్నాడు. ఊసుపోక కోడల్ని కూర్చోబెట్టుకుని పత్తాలు పంచడం మొదలుపెట్టాడు. ఏ చెయ్యి పెద్దదో, ఏది చిన్నదో ఒక్క పూటలో చెప్పేశాడు. ఆటలో కూర్చునే తీరు, ఎదుటివాడితో ఆడే మర్యాద గురించి మాత్రం ఆ మూడు నెలలూ చెబుతూనే ఉన్నాడు. నలభై ఏళ్ళు గడిచాయి, మామగారు పోయాడు, పెనిమిటీ పోయాడు, పొలంలో సగం ప్లాట్లయింది. పద్మమ్మ మాత్రం ఆ తీరు వదల్లేదు.

ఎవర్నీ వదలనివ్వలేదు కూడా. ఆమె మరిది గౌరయ్యకు ఒక పాడలవాటు ఉండేది. గెలిచే చెయ్యి చేతిలో ఉంటే మూడు పత్తాలనూ ఒక్కసారిగా పరవడు. ఒకటి తీస్తాడు, మీసం దువ్వుతాడు, రెండోది సగం తీస్తాడు, ఎదుటివాడి మొహం చూస్తాడు. 

"ఏంది గౌరయ్యా, పెండ్లిపిల్ల ముసుగు తీస్తున్నవా? గెలిస్తె జల్దీ చూపియ్యి, ఎదుటోని పానం తియ్యకు" అని పద్మమ్మ కసిరేది.

మేడ్చల్ డిపోలో బస్సు నడిపే జంగయ్యది ఇంకో జబ్బు. తన పత్తాలు పడేశాక నోరు కట్టుకోలేడు. ఆట నడుస్తుండగానే "అరెరె, నేను పడేసిన ఎక్క ఉంటె ఇప్పుడు..." అని మొత్తుకునేవాడు. ఎవరి దగ్గర ఏముందో, ఏం లేదో మిగతావాళ్ళకు దాంతో తెలిసిపోయేది. పద్మమ్మ వెంటనే ఆట ఆపేది. "బస్సు దిగినోడు బ్రేకు తొక్కద్దు జంగయ్యా. పడేసినవ్, సప్పుడు చెయ్యకు."

తొంభై ఏడులో నాలుగో మనిషి దొరికాడు. పేరు బుల్లిబాబు. తణుకు దగ్గర పల్లెటూరు. దుండిగల్ వైపు మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం, కొత్త కాలనీలో ఇల్లు. పాల కోసం పద్మమ్మ ఇంటికి వచ్చి, వరండాలో పత్తాలు చూసి, పాలచెంబు పక్కన పెట్టి నిలబడిపోయాడు.

"పెద్దమ్మగారూ, మీరేమీ అనుకోకపోతే నేనూ ఒక చెయ్యి వేయొచ్చాండీ?"

అంత మర్యాదగా అడిగినవాణ్ణి ఆ వరండా అంతకుముందు చూడలేదు. ఆయన ఎక్కాను ఆసు అనేవాడు, గులాంను జాకీ అనేవాడు. ఓడినా "బాగా ఆడారండీ" అనేవాడు. ఓడడం మాత్రం ఎక్కువే. మొదటి ఏడాది ఏదో అటూ ఇటూగా నడిచింది. మరుసటి ఏడు ఉగాది దగ్గర్నుంచి ఆయన చెయ్యి పూర్తిగా పడిపోయింది. ఆయనకు మంచి చెయ్యి వస్తే ఎదుటివాళ్ళు ముందే పడేసేవాళ్ళు, ఏమీ రాకపోతే వదలకుండా వెంటపడేవాళ్ళు. వారం వారం బజ్జీల పొట్లం ఆయన స్కూటరు మీదే వచ్చేది. చౌరస్తాలో బజ్జీలవాడు ఆయన్ని చూడగానే అడక్కుండానే నూనెలో వేయడం మొదలుపెట్టేవాడు.

ఆ శ్రావణంలో పద్మమ్మ కుడికంటికి పొర తీయించారు. కట్టు విప్పిన రోజు ఆమె ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. గూట్లో దుమ్ము కనిపించింది. దూలం మీద బల్లి గుడ్లు కనిపించాయి. "గౌరయ్యా, మీసానికి రంగేస్తున్నవా? ఎన్నేండ్ల నుంచి?" అని అడిగితే, ఆయన తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఆమె చాప మీద కూర్చుని పత్తాలు ఎత్తింది. పదుల జత. మంచిదే. ఎదురుగా బుల్లిబాబు ఎప్పటిలాగే వాకిలికి వీపు పెట్టి కూర్చున్నాడు. వెనకనుంచి ఎండ ఆయన చేతిలోని పత్తాల మీద పడుతోంది. ఆయన కళ్ళద్దాలు ఉగాదికి కొన్నవి, అరచేయంత ఉంటాయి. ఆ అద్దాల్లో ఎర్రటి బొమ్మలు రెండు, పక్కన నల్లటి ముక్క ఒకటి, చిన్నగా, స్పష్టంగా కనిపించాయి.

రెండు ఎర్ర రాణులు.

పద్మమ్మ పదుల జత పడేసింది. అంతకుముందు ఎన్నడూ అలాంటి చెయ్యి పడేసిన మనిషి కాదు. మరో రెండాటల తర్వాత అద్దాల్లో ఒక్క బొమ్మా లేదు, అన్నీ చిల్లర ముక్కలే. బుల్లిబాబు మాత్రం గుండె దిటవు చేసుకుని గుప్పెడు గింజలు ముందుకు తోశాడు. మామూలుగా అయితే ఆరుల జతతో పద్మమ్మ వెనక్కి తగ్గేది. ఆ రోజు తగ్గలేదు. షో అడిగింది, గెలిచింది.

"భలే కనిపెట్టారే పెద్దమ్మగారూ! నేను ఉత్తినే తోస్తున్నానని ఎలా తెలిసిందండీ మీకు?" అని బుల్లిబాబు మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు.

ఆ మెచ్చుకోలు పద్మమ్మకు పచ్చిమిరపకాయ కొరికినట్టు తగిలింది. బజ్జీ సగం కొరికి పక్కన పెట్టేసింది. 'నేను సూడలె, కన్నే సూసింది' అని తనకు తాను చెప్పుకుంది. మరుసటి వారం గోడవైపు జరిగి కూర్చుంది. అయినా కన్ను ఈగలా ఆ అద్దాల మీదే వాలింది. ఆ వారమూ గెలిచింది. వారమంతా పాలు పితుకుతున్నా, బియ్యం ఏరుతున్నా అదే ఆలోచన. చెబితే తన పెద్దరికం పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో ఆమెకు ఇంకా బాగా తెలుసు.

మూడో ఆదివారం పత్తాలు పంచగానే ఆమె తన మూడింటినీ చాప మీద వెల్లకిలా పెట్టేసింది.

"బుల్లిబాబూ, ఆట ఆపు. నీ అద్దాలల్ల నీ పత్తాలు కనవడుతున్నయ్. రెండు వారాల సంది సూస్తున్న. సూసి గెల్సిన. తప్పు నాది."

బుల్లిబాబు నోరు తెరిచేలోపే గౌరయ్య తొడ చరుచుకున్నాడు. "ఎందుకు జెప్పినవ్ వదినే! మంచిగ నడుస్తుండె గదా!"

అన్నాక గాని ఏమన్నాడో ఆయనకు అర్థం కాలేదు. జంగయ్య పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నట్టు తల ఎత్తాడు. పద్మమ్మ ఒకసారి మరిదిని, ఒకసారి జంగయ్యను చూసింది.

"ఎప్పట్నుంచండీ?" అన్నాడు బుల్లిబాబు మెల్లగా.

"ఉగాదికెల్లి" అన్నాడు గౌరయ్య చాపకు చెబుతున్నట్టు.

బుల్లిబాబు కళ్ళద్దాలు తీశాడు. పంచె కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "వస్తానండీ" అని లేచి స్కూటరు తీశాడు. ఆయన తెచ్చిన బజ్జీలు పొట్లంలో పొగలు కక్కుతూనే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

పద్మమ్మ ఆ పొట్లం పక్కకు జరిపింది. తన వరండాలో ఆట నీతిగా నడుస్తోందని ఊరంతా చెప్పుకునేది. నిజానికి అక్కడ ఇన్నాళ్ళూ నీతిగా ఉన్నది తనొక్కతే, అదీ కంటికి పొర కమ్మడం వల్ల.

"ఆయన చూపిచ్చిండు, మేం సూసినం" అని గౌరయ్య గొణిగాడు. "మేమేమన్న ఆయన పత్తాలు గుంజి సూసినమా? ఎవని పత్తాలు ఆడే దాసుకోవాలె."

"అట్లనా? జంగయ్యా, మొన్న నీ బస్సుల ఎవరామెదో బంగారు గొలుసు దొరికితె ఏం జేసినవ్?"

"డిపోల ఇచ్చిన అక్కా."

"ఎందుకిచ్చినవ్? పారేసుకున్నామెదే తప్పు గదా?"

పద్మమ్మ పత్తాలన్నీ పోగుచేసి రుమాల్లో ముడివేసి లోపలికి వెళ్ళిపోయింది. రెండు ఆదివారాలు చాప పరవలేదు. బుల్లిబాబు పాలకు కూడా భార్యను పంపేవాడు.

మూడో వారం బుధవారం సాయంత్రం పద్మమ్మ పెద్ద గిన్నెడు బజ్జీలు తన చేత్తో వేసి, గిన్నె గౌరయ్య నెత్తిన పెట్టి, జంగయ్యను వెంటబెట్టుకుని కాలనీకి బయలుదేరింది. బుల్లిబాబు భార్య ధరణి తలుపు తీసి, వాళ్ళను చూసి సంబరపడిపోయింది.

"రండి రండి. మీకు పుణ్యముంటుందండీ, మావారు పేకాట మానేశారు! ఆదివారం ఇల్లంతా సున్నం వేశారు."

పద్మమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బుల్లిబాబు లోపల్నుంచి వచ్చి అందరికీ కుర్చీలు వేశాడు.

"నీకు కోపం రావాలె. తిట్టు, పడ్తం" అంది పద్మమ్మ.

"కోపం కాదండీ. ఓడిపోయినందుక్కూడా కాదు. ఇన్ని నెలలూ నాకు ఆట రాదనుకున్నానండి. నా బుర్ర మొద్దుబారిపోయిందని నన్ను నేనే తిట్టుకున్నా. ఫ్యాక్టరీలో కూడా ఏ పనీ ధైర్యంగా చేయలేకపోయా. అదీ బాధ."

గౌరయ్య తల దించుకున్నాడు. బజ్జీల కోసం ఇంత జరిగిందని ఆయన ఊహించలేదు. "తప్పయింది బుల్లిబాబూ" అన్నాడు. మీసం దువ్వకుండా ఆయన అన్న మొదటి మాట అదేనేమో.

"ఉత్త మాటలతోటి కాదు" అంది పద్మమ్మ. "వచ్చే ఆదివారం నువ్వు రా. నా పత్తాలు మీ దిక్కు తిప్పి పట్టుకుంట. పొద్దు మునిగేదాక అట్లనే ఆడ్త. గదే నాకు శిక్ష. వీళ్ళిద్దరి సంగతి తర్వాత సూస్త."

ధరణి ఏదో అనబోయింది. బుల్లిబాబు అప్పటికే తల ఊపేశాడు.

ఆ ఆదివారం బుల్లిబాబును గోడకు ఆనించి కూర్చోబెట్టారు. పద్మమ్మ అన్నంత పనీ చేసింది. పత్తాలు అందగానే తను ఒకసారి చూసుకుని, బొమ్మలు బయటికి కనిపించేలా తిప్పి పట్టుకుంది. గౌరయ్య, జంగయ్య దర్జాగా చూసి ఆడారు. ఆమె గింజలు మంచులా కరిగిపోయాయి. ఆమె పట్టించుకోలేదు. ఆమె కనిపెట్టి చూస్తున్నది బుల్లిబాబును. ఆమె పత్తాలు ఎత్తగానే ఆయన మొహం వాకిట్లో కోళ్ళవైపు తిరిగిపోతోంది.

అలాగే ఒక ఆటలో పద్మమ్మకు మూడు పదులు వచ్చాయి. ఏడాదికి ఒకసారి పడే చెయ్యి. తిప్పి పట్టుకోగానే గౌరయ్య, జంగయ్య తమ పత్తాలు ఠక్కున పడేశారు. బుల్లిబాబు కోళ్ళను చూస్తూనే గుప్పెడు గింజలు తోశాడు. ఇంకో గుప్పెడు తోశాడు.

గౌరయ్య దగ్గాడు. జంగయ్య "జర ఇటు తిరుగు బుల్లిబాబూ, కోళ్ళు యాడికి వోవు" అన్నాడు.

"ఆట నడుస్తుంటె పక్కనోళ్ళు సైగలు చేసుడేంది? నోర్లు ముయ్యుండ్రి" అని పద్మమ్మ గద్దించింది. తనూ చెప్పలేదు. చెప్పకూడదు, అది ఆట పద్ధతి కాదు. చాప మధ్యలో కుప్ప పెరుగుతుంటే ఆమె తన వంతు గింజలు తోస్తూ పోయింది.

ఉన్న గింజలన్నీ తోసేశాక బుల్లిబాబు ఉత్సాహంగా షో అన్నాడు. "రాజుల జతండీ!" అని పరిచి, అప్పుడు ఇటు తిరిగాడు. అంతసేపూ అందరి కళ్ళ ముందూ ఉన్న మూడు పదులు ఆయనకు మొదటిసారి కనిపించాయి.

ముందు నవ్వింది బుల్లిబాబే. ఆ నవ్వుకు జంగయ్య చాప మీద దొర్లాడు. గౌరయ్య మీసానికి ఉన్న రంగు కన్నీళ్ళకు కారి గడ్డం మీదికి వచ్చింది.

"సూడమని తిప్పి పట్టుకుంటె సూడవేందయ్యా?" అంది పద్మమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

"చూస్తే ఇంక ఆడేదేముందండీ? ఇప్పుడు చూడండి, నా అంతట నేనే ఓడిపోయా. ఎంత హాయిగా ఉందో!"

పద్మమ్మ పత్తాలు తనవైపు తిప్పుకుంది. శిక్ష అక్కడితో చాలన్నారు అందరూ. బజ్జీలు మోసే వంతు మాత్రం వచ్చే ఉగాది దాకా గౌరయ్య, జంగయ్యలకే వేసింది.

ఆ తర్వాత పదేళ్ళపాటు ఆ చాప పరుస్తూనే ఉన్నారు. ఎప్పుడైనా ఇద్దరికి మాట మాట పెరిగి తీర్పు కోసం పద్మమ్మవైపు తిరిగితే, "నన్నడగకుండ్రి, బుల్లిబాబునడుగుండ్రి" అనేది. ఆయన "తప్పుగా అనుకోకండీ" అని మొదలుపెట్టి, చల్లగా, ఎవరి తప్పు వాళ్ళకు అప్పజెప్పేవాడు. గౌరయ్యకు కూడా మారు మాట్లాడే సందు దొరికేది కాదు. పద్మమ్మ గింజలు సర్దుకుంటూ వినేది.