పిసికిన కేకు

మా వదిన డబ్బా మూత తీసిన ఆ పొద్దు గుర్తొస్తే ఇప్పటికీ నా నోట్లో నీళ్లు ఊరతాయి. తినాలనిపించి కాదు. వాంతికి ముందు ఊరే నీళ్లు అవి.

వదిన అంటే మా ఆయన అక్క. చిల్కానగర్‌లో ఉంటుంది, పుట్టినరోజులకు బెలూన్ల డెకరేషన్ చేస్తుంది. నేను నాచారంలో మా రెండు గదుల ఇంట్లోనే కేకులు చేసేదాన్ని. ఒక ఎండాకాలం ఇద్దరం కలిసి కేక్ పాప్స్ మొదలుపెట్టాం. ఆర్డర్లు ఆమె తెచ్చేది, చేసేది నేను.

కేక్ పాప్ అంటే పుల్లకు గుచ్చిన కేకు ఉండ, అంతే. ఎండాకాలం పార్టీలకు అందరూ పండ్ల ఆకారాలే అడిగేవారు. పసుపు రంగు చాక్లెట్‌లో ముంచి, ఒక చెంపకు కాస్త ఎరుపు అద్ది, నెత్తిన లవంగం గుచ్చితే మామిడిపండు. ఎర్రగా ముంచి, నల్ల నువ్వులు అంటించి, అడుగున ఆకుపచ్చ పూస్తే పుచ్చకాయ. పైకి ముద్దుగానే ఉంటాయి. లోపల మాత్రం, చక్కగా పొంగిన కేకును పొడి చేసి, క్రీమ్ కలిపి, జిడ్డు ముద్ద అయ్యేదాకా పిసకాలి. ఆ పని నాకు మొదటినుంచీ పడేది కాదు. వేళ్ల సందుల్లోంచి ముద్ద పైకి ఉబికి వచ్చేది. ఎన్నిసార్లు కడుక్కున్నా అన్నం కలుపుకుంటుంటే చేతికి వెనిలా వాసనే. మా అత్త తలుపు దగ్గర కూర్చొని చూస్తూ, "మంచిగున్న కేకును గట్ల పిస్కుడేందే, ఎవరో నమిలి ఉమ్మినట్టున్నది" అనేది. నేను నవ్వేసేదాన్ని కానీ, ఆమె అన్నది నిజమేనని లోపల అనిపించేది.

కొన్నాళ్లకు వదిన పొడి చేసిన కేకు డబ్బాల్లో తేవడం మొదలుపెట్టింది. తెలిసిన బేకరీలో కేకుల అంచులు కోసి పక్కన పెడతారని, అవి తెస్తున్నానని చెప్పింది. మే నెలలో, రేకుల కప్పు కింద, ఓవెన్ ముందు నిలబడే బాధ తప్పింది. అందుకే నమ్మడం కూడా సులువైంది. ఆ పొడితో రెండు ఆర్డర్లు చేశాను. గిన్నెకు అంటుకున్నది మా పాప వేలితో గీకి నాకింది. తీపి సరిపోయిందో లేదో చూడ్డానికి నేనూ తిన్నాను.

రెండోసారి తెచ్చిన పొడిలో ఏదో వాసన వచ్చింది, సబ్బు వాసనలాంటిది. డబ్బా సరిగా కడిగి ఉండదనుకున్నాను. మామిడి ఎసెన్స్ రెండు చుక్కలు ఎక్కువ వేసి కలిపేశాను. ఈ మాట దాచిపెట్టి మిగతాది చెప్తే అది నిజం చెప్పినట్టు కాదు.

మూడో ఆర్డర్ ఉప్పల్‌లో ఒక అపార్ట్‌మెంట్ నుంచి వచ్చింది, అక్కడ బెలూన్ల పని కూడా వదినదే. ఆదివారం సాయంత్రం వాళ్ల అమ్మాయి పుట్టినరోజు. ముప్పై మామిడిపండ్లు, ముప్పై పుచ్చకాయలు కావాలన్నారు. పాత పొడి మిగిలితే దానితో శనివారమే మామిడిపండ్లు చేసి ఫ్రిజ్‌లో నిలబెట్టాను. ఆదివారం పొద్దున పది గంటలకు వదిన ఇంకో డబ్బా పట్టుకొచ్చి గట్టు మీద పెట్టింది.

"నిన్న బోడుప్పల్‌ల ఫంక్షనుండె. పొడి జేసే టైమే దొర్కలే. నువ్వే చేస్కో జర" అంటూ మూత తీసింది.

అందులో ఉన్నవి అంచులు కావు. గులాబీ, నీలం క్రీమ్ ఉన్న పెద్ద పెద్ద ముక్కలు. ఒకదానికి సగం కాలిన కొవ్వొత్తి గుచ్చుకొని ఉంది. ఇంకో ముక్క మీద నాలుగు వేళ్ల గీతలు, ఆ గీతల్లో ఎర్రగా ఏదో ఉంది. జామ్ అనుకొని వంగి చూశాను. కుంకుమ. దాని పక్కనే పొడుగాటి వెంట్రుక. అప్పుడు ఆ సబ్బు వాసన మళ్లీ తగిలింది. పార్టీల్లో కేకు కోస్తుంటే పైనుంచి కొట్టే స్నో స్ప్రే వాసన అది.

"వదినా, ఇది మొఖానికి పూసిన కేకు కదా!"

"పూసింది మొత్తం తీసేసిన. లోపటిదే తెచ్చిన."

"కుంకుమ కనిపిస్తలేదా నీకు?"

"గంత తీస్తే పాయె. ఎట్లైనా పిస్కేదే గదనే. పైకెల్లి చాక్లెట్ ముంచినంక ఎవరికెర్క?" అంది. ఆమె గొంతులో తప్పు చేసిన జంకు లేదు. పైగా నన్ను ఓదారుస్తున్నట్టు, "పోయిన రెండుసార్లు గిదే గద. ఎవరికన్న ఏమన్న అయిందా?" అంది.

నేను బాత్రూమ్ దాకా వెళ్లలేకపోయాను. అంట్లు తోమే చోటే కక్కేశాను. పొద్దున తిన్న ఉప్మా అంతా వచ్చింది. ఎవరి బుగ్గల మీది చెమటో, ఎవరి ఎంగిలో నా బిడ్డ వేలు చప్పరించి మరీ తిన్నది. మా అత్త చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, కూతురి వైపు చూసి, "థూ! ఆడిదానివేనా నువ్వు?" అంది. వదిన డబ్బా అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఆర్డర్ ఇచ్చిన ఉప్పల్ ఆవిడకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. గోదావరి వైపు మనిషి, మాట మర్యాదగా ఉంటుంది. "ఇప్పటికిప్పుడు ఎలా అండీ? టేబుల్ అంతా ఫ్రూట్ థీమే సర్దించాం. ఫొటోలు తీసే ఆయనకు కూడా చెప్పేశాం" అంది.

"పుచ్చకాయలు కొత్తగా చేసి తెస్త మేడం. మామిడిపండ్లు మాత్రం పారేస్తున్న."

"పారేయడమెందుకండీ? చేసినవి చేసినట్టు పంపేయండి. మా పాప కోసం వేరేగా కొనుక్కుంటాం. మిగతావాళ్లు పిల్లలే కదా, ఎన్ని తింటారు!"

ఫోన్ చెవి దగ్గరినుంచి తీసేశాను. వదిన మాటకు కక్కుకున్నాను. ఈ మాటకు ఒళ్లంతా జలదరించింది. పంపనని చెప్పి పెట్టేశాను.

ముప్పై మామిడిపండ్లనూ తీసి, చాక్లెట్ పొర పగిలేలా ఒక్కొక్కటి నలిపి చెత్త కవర్‌లో వేశాను. నలపకపోతే ఎవరైనా ఏరుకొని తింటారని భయం. తర్వాత గిన్నెలన్నీ వేడినీళ్లతో తోమి, ఓవెన్ పెట్టి, కొత్తగా కేకు చేసి, అయిదింటికల్లా ముప్పై పుచ్చకాయలు పూర్తి చేశాను. చేతులకు గ్లౌజులు వేసుకొని పిసికినా ఒంటి మీద ఏదో పాకుతున్నట్టే ఉంది. ఒక్కటి కూడా రుచి చూడలేకపోయాను.

ఆటోలో ఉప్పల్ చేరేసరికి పార్టీ మొదలైంది. టెర్రస్ మీద వేడి ఇంకా తగ్గలేదు. పాప్స్ టేబుల్ మీద పెట్టిన పది నిమిషాలకే చాక్లెట్ మెత్తబడింది. పిల్లలు పైరంగు నాకి, గడ్డాల నిండా ఎరుపు పూసుకొని, లోపలి ముద్దను మళ్లీ ప్లేట్లోనే గుచ్చి పోతున్నారు. ఒక పిల్లాడు నోట్లోది తల్లి అరచేతిలో ఉమ్మితే, ఆమె మాటల్లో పడి చూడకుండానే నోట్లో వేసుకుంది. ఆ తర్వాత పెద్ద కేకు కోశారు. స్ప్రే కొట్టారు. తండ్రి గుప్పెడు క్రీమ్ తీసి కూతురి మొఖానికి రుద్దితే ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది, అందరూ చప్పట్లు కొట్టారు. సగానికి పైగా కేకు అలాగే మిగిలింది.

మూలన బెలూన్ల స్టాండు పక్కన మా వదిన నిలబడి ఉంది. కాళ్ల దగ్గర సంచి, అందులో ఖాళీ డబ్బాలు. నా వైపు చూడటం లేదు, కేకు వైపే చూస్తోంది. పొద్దున అంత జరిగాక కూడా!

ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. పక్కన ఉన్న నీళ్ల జగ్గు తీసుకొని, మిగిలిన కేకు మీద మొత్తం కుమ్మరించాను. నురగ, రంగు, కేకు అన్నీ కలిసి టేబుల్ గుడ్డ మీదుగా కింద నిలబడ్డవాళ్ల చెప్పుల మీదికి కారాయి. ఎవరో అరిచారు. వదిన పరుగున వచ్చి, కేకును చేత్తో పక్కకు లాగి, నా చెయ్యి పట్టుకొని, "పిచ్చి లేసిందానె నీకు? నా పని గూడ పోగొడ్తవా?" అంది.

"చెయ్యి ఇడువు వదినా" అన్నాను. ఆమె వేళ్లకు క్రీమ్ అంటుకొని ఉంది.

ఇంటికొచ్చాక పాత ఆర్డర్లు ఇచ్చిన ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకావిడ నోటికొచ్చినట్టు తిట్టింది, తిట్టినంతసేపూ విన్నాను. ఇంకో ఆవిడ మాత్రం, "పిల్లలకేం గాలే గద. ఇడిసిపెట్టు. వచ్చే నెల మా అక్క బిడ్డ బర్త్‌డే ఉన్నది, చేస్తవా మరి?" అని అడిగింది. చేయనని చెప్పాను. ఆ వారంలోనే ఓవెన్ అమ్మేశాను. మా ఆయన రెండు రోజులు గొణిగాడు, తర్వాత ఊరుకున్నాడు.

వదిన ఇప్పుడు చిల్కానగర్‌లో తనే పాప్స్ చేస్తుందట. దసరాకు మా అత్తను చూడ్డానికి వచ్చింది. ఆ సంగతి ఎవరమూ ఎత్తలేదు. పీట వేసి అన్నం పెట్టాను. పప్పులో నెయ్యి వేసుకొని, అయిదు వేళ్లతో బాగా పిసికి, ముద్దలు చేసుకొని తిన్నది. "పప్పు మస్తుగున్నదే" అంది. నేను మారు వడ్డించి, గిన్నె అక్కడే పెట్టి, బయటికి వచ్చి నిలబడ్డాను.