మగ్గం మీదికి నెట్టిన నేరం

ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. "అవు" అనే మాట. అంత చిన్న మాటకు ఇంత బరువేమిటని మీరనొచ్చు. మోసి చూడండి, తెలుస్తుంది. పేరు మాత్రం చెప్పను. కొత్తవాడలో నేను అందరికీ తెలుసు, మా బాపు ఇంకా బాగా తెలుసు.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో బాపు మగ్గం, పక్కన రాట్నం, రాట్నం ముందు నేను. ఇంటర్ అయిపోయాక పొద్దంతా నూలు కండెలు చుట్టడమే నా పని. ఇంట్లో మనిషి ఉండగా కూలికి ఇంకో మనిషెందుకు అనేవాళ్లు. ఆ ఇంట్లో మనిషిని నేనే. అన్న ఇంజనీరింగ్‌లో చేరితే మాత్రం చీటీ ఎత్తి మరీ లాప్‌టాప్ కొన్నారు. చదువుకట. కీబోర్డు కింద రంగురంగుల లైట్లు వెలిగే గేమింగ్ లాప్‌టాప్ ఏ చదువుకో నాకు ఇప్పటికీ తెలియదు. పొద్దున లేస్తే అందులో తుపాకుల మోత. నేను ముట్టుకుంటే పాడవుతుందట.

సరే, పాడు చేశాను.

దాని వెనక వేడి గాలి బయటికి పోవడానికి సన్నని చీలికలుంటాయి. అన్న స్నానానికి పోగానే, రాట్నం కింద పోగైన నూలు నూగు తీసి చీపురు పుల్లతో ఆ చీలికల్లోకి కుక్కేదాన్ని. ఒక్కనాడు కాదు, చాలా రోజులు, ఓపిగ్గా. కొన్నాళ్లకు దాని ఫ్యాన్ రొద మగ్గం చప్పుడును మించిపోయింది. కీబోర్డు మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. అన్న నా ఖాళీ కండెలు రెండు తీసుకుని దాని కింద ఎత్తు పెట్టాడు. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్ కూడా దాని వైపే తిప్పాడు. మాకు చెమటలు, లాప్‌టాప్‌కు గాలి. ఆట మధ్యలో అది ఆరిపోయి వాడు తల బాదుకుంటుంటే, నేను కండె చుడుతూ లోలోపల నవ్వుకున్నాను. తప్పంటారా? అనండి. ఆ నవ్వుకు నేను ఇవాళ్టికీ సిగ్గుపడను.

నేను సిగ్గుపడేది ఆ తర్వాతి దానికి.

చివరికి అది పూర్తిగా ఆగిపోయింది. హన్మకొండలో రిపేరు షాపువాళ్లు విప్పి గుప్పెడు నూగు తీశారట. ఇంట్లో మగ్గముందా అని అడిగారట. అన్న ఇంటికొచ్చి ఊగిపోయాడు.

"నీ మగ్గం నూగే బాపూ! అది ఇంట్ల ఉన్నన్ని రోజులు ఏ లాప్‌టాప్ బతకది."

బాపు మగ్గం దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"వాని మాట ఇడిసిపెట్టు. నూగు సంగతి నీకెరుక. నువ్వు జెప్పు బిడ్డా, నా మగ్గమే జేసిందా?"

"అవు బాపూ."

అంతే. భయంతో అన్నానంటే మీరు నమ్ముతారు. చాలా ఏళ్లు నన్ను నేనూ అలాగే నమ్మించుకున్నాను. భయం కాదు. బాపు అలా అడిగినప్పుడు నా చూపు రాట్నం మీద పడింది. మగ్గం పోతే ఇది కూడా పోతుంది కదా అనిపించింది. అది తెలిసే అన్నాను.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టయింది. లాప్‌టాప్ బాగై తిరిగొచ్చింది, మగ్గం పోయింది. బాపే తన చేతులతో విప్పాడు. కొనుక్కున్నవాళ్లు ఆ కట్టెలు బండి మీద వేసుకుని పోతుంటే వాడ మలుపు దాకా వెనకే నడిచాడు. అప్పటి నుంచి వేరే ఆసామి షెడ్డులో, వేరొకరి మగ్గం మీద, కూలికి నేస్తున్నాడు.

నేనా? డిగ్రీలో చేరాను. ఇంట్లో చుట్టడానికి కండెలు లేవు మరి, ఎవరూ వద్దనలేదు. తర్వాత ఉద్యోగం వచ్చింది. ఈ బతుకు నాకు ఆ అబద్ధమే ఇచ్చింది. తిరిగి ఇచ్చేయమంటారా? ఇవ్వను. నోరు తెరిచి అడిగితే రాట్నం ముందు నుంచి నన్ను లేవనిచ్చేవాళ్లా? అన్న నవ్వేవాడు, చుట్టాలు నవ్వేవాళ్లు. మరి బాపు? కొడుకు మాటను పక్కన పెట్టి బిడ్డ మాట నమ్మిన మనిషి, నేను అడిగితే వినేవాడేమో. అడిగి చూడలేదు. నన్ను తినేసేది అదొక్కటే.

ఇప్పుడు బాపు షెడ్డు నుంచి అప్పుడప్పుడు నేరుగా నా ఇంటికి వస్తాడు. గడప బయటే నిలబడి తువ్వాలతో అంగీ, తల దులుపుకుంటాడు. నా ఆఫీసు లాప్‌టాప్ ఉన్న బల్లకు దూరంగా తలుపు పక్కన కూర్చుంటాడు. లోపలికి జరగమంటే చెయ్యి ఊపుతాడు.

"వద్దు బిడ్డా, దానికి నా నూగు పడది."

మొన్న కూడా అలాగే అన్నాడు. నిజం నోటి దాకా వచ్చింది. చాయ్ చేతికిచ్చి ఊరుకున్నాను. ఆయనకు చెప్పలేనిది మీకు చెప్పాను. క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ బాపు అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్ల తర్వాత ఒక్కసారి సరైన జవాబు చెబితే ఊపిరి కాస్త ఆడుతోంది.

నీ మగ్గం కాదు బాపూ. నేనే.