నాగ్‌పూర్ మామయ్య

నాంపల్లి స్టేషన్ ఎదుట ఉన్న లాడ్జిలో కౌంటర్ వెనక కూర్చునే వామన్‌రావు ఒకే కాలంలో రెండు ఊళ్లలో బతికిన మొనగాడు. ఇక్కడ గదుల తాళంచెవులు ఇస్తూనే అక్కడ నాగ్‌పూర్‌లో పెద్ద ఉద్యోగం వెలగబెట్టాడు, ప్రమోషన్ల మీద ప్రమోషన్లు కొట్టాడు, ఒక ఎండాకాలం వడదెబ్బ తగిలి మంచం కూడా పట్టాడు. హిమాలయాల్లో గడ్డాలు పెంచుకున్న సిద్ధులకు కూడా చేతకాని విద్య ఇది. నమ్మకం కుదరనివాళ్లు నారాయణగూడ వెళ్లి ఆయన చెల్లెలు సౌభాగ్య అత్తవారింట్లో అడిగి చూడండి. నాగ్‌పూర్ వామన్‌రావు ముచ్చట్లు అక్కడ కథలు కథలుగా చెబుతారు. నాంపల్లి వామన్‌రావు ఒకడున్నాడని మాత్రం ఆ ఇంట్లో సౌభాగ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈ రెండో వామన్‌రావు, అంటే నాగ్‌పూర్ మనిషి, పుట్టింది చెల్లెలి పెళ్లిలో.

మొదటి వామన్‌రావు పుట్టుకతోనే ఒక లోటు తెచ్చుకున్నాడు. దెబ్బ తగిలితే అందరికీ కాసేపట్లో గడ్డకట్టే నెత్తురు ఆయనకు కట్టదు. హీమోఫిలియా అంటారు దాన్ని. రక్తం గడ్డకట్టడానికి ఒంట్లో వరసగా కొన్ని సరుకులు తయారు కావాలి. అందులో ఎనిమిదో నంబరుది ఆయన దగ్గర లేదు. చిన్నప్పుడు పాలపన్ను ఊడితే ఇంట్లో తువ్వాళ్లన్నీ అయిపోయి, పక్కింటివాళ్ల తువ్వాళ్లూ అయిపోయి, చివరికి కిటికీ పరదాలు దించారట. పైకి కనిపించే నెత్తురు ఒక ఎత్తు, లోపల కారేది ఇంకో ఎత్తు. కుడి మోకాల్లోకి మళ్లీమళ్లీ నెత్తురు దిగి ఆ కీలు బిగుసుకుపోయింది. ఇప్పుడది వంగదు.

సౌభాగ్య పెళ్లినాటికి ఆ మోకాలు గుమ్మడికాయంత వాచి ఆయన దవాఖానలో పడి ఉన్నాడు. "పెళ్లికూతురి అన్న ఏడీ?" అని మగపెళ్లివారు అడిగారు. రోగం ఆడవాళ్ల ద్వారా దిగుతుందని వామన్‌రావు తల్లికి తెలుసు. ఆ మాట అంటే పీటల మీద పెళ్లి ఆగుతుందనీ తెలుసు. "నాగ్‌పూర్‌లో ఉద్యోగం. సెలవు దొరకలేదు" అనేసింది. ఆ పూటకోసం చెప్పిన అబద్ధం పెళ్లికూతురితో పాటు కాపురానికి వెళ్లింది.

వెళ్లి ఊరుకుందా? బావగారు జగన్మోహనరావుకు సంత్రాలంటే, అదే కమలాపళ్లంటే, ప్రాణం. నాగ్‌పూర్‌లో బావమరిది ఉండి సంత్రాలు పంపకపోతే ఏం మర్యాద? కాబట్టి ఏటా చలికాలం వామన్‌రావు మొజంజాహీ మార్కెట్లో సంచి నిండా సంత్రాలు కొని, కాలు ఈడ్చుకుంటూ అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు మెట్ల దగ్గరికి వెళ్లేవాడు. సౌభాగ్య ఆటో దిగి సంచి అందుకునేది.

"మోకాలు ఎట్లుంది అన్నయ్యా?"

"మంచిగనే ఉంది."

అంతే. ఆటో వెళ్లిపోయేది. అన్నాచెల్లెళ్ల ఏడాది మాటలు ఆ మెట్ల మీదే అయిపోయేవి. సాయంత్రం జగన్మోహనరావు తొన ఒలిచి నోట్లో వేసుకుని, "ఎంతైనా నాగ్‌పూర్ సరుకు రుచే వేరు. మన మొజంజాహీలో దొరుకుతాయా ఇట్లాంటివి!" అనేవాడు.

వామన్‌రావు పెళ్లి చేసుకోలేదు. లాడ్జివాళ్లు మెట్ల కింద ఇచ్చిన గదిలోనే ఉంటాడు. కౌంటర్ ఆయనకు కోటగోడ. దాని వెనక ఉంటే ఎవరి మోచెయ్యీ, ఎవరి పెట్టె మూలా తగలదు. రైళ్లు వచ్చే చప్పుడు విని ఏ బండో చెబుతాడు గాని ప్లాట్‌ఫారం తొక్కి ఏళ్లయింది. పక్కనే నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే నెలలో జనం పోటెత్తితే గేటు కూడా దాటడు. వచ్చేవాళ్లు తాళంచెవి తీసుకుంటారు, వెళ్లేవాళ్లు ఇస్తారు. మళ్లీ వస్తామని అనేవాళ్లు లేరు. లాడ్జి మనిషితో ఎవరంటారు?

మాటలకు ఉన్నది సాయన్న ఒక్కడు. మెదక్ పక్క పల్లె నుంచి వచ్చి గదులు ఊడుస్తాడు. వామన్‌రావు మందు లాడ్జి ఫ్రిజ్ తలుపులో, కూల్‌డ్రింకులకూ యజమాని ఇన్సులిన్‌కూ మధ్య ఉంటుంది. ఆయన మోచేతి దగ్గర నరం వెతుక్కుని తనకు తానే సూది గుచ్చుకుంటుంటే సాయన్న ఎదురుగా చేరి సినిమా చూసినట్టు చూస్తాడు.

"గీ మందు యాడికెల్లి వస్తది సారూ?"

"కార్ఖానల తయారైతది. మంచిగున్న మనిషి జన్యువు తీసి చీనా ఎలుక కణాలల్ల పెడ్తరు. ఆ కణాలను పెద్ద స్టీలు డ్రమ్ములల్ల పెంచుతరు. నా ఒంట్ల తయారు కానిది అవి చేస్తయి. దాన్ని వడగట్టి సాఫ్ చేసి సీసాలకు ఎక్కిస్తరు."

"అంటే ఎలుక పాలిచ్చి సాదుతున్నదన్నట్టు మిమ్మల్ని."

"పాలు కాదు సాయన్నా. ఎలుక కూడా లేదక్కడ. కణాలే."

"ఏదైతేంది, తల్లే కద. మరి సేటు ఇన్సులిన్ సూది?"

"అది సూక్ష్మజీవితోని చేయిస్తరు. దాంట్ల కూడా మనిషి జన్యువే అతికిస్తరు."

"సేటుకు పురుగు, మీకు ఎలుక! గిది లాడ్జి కాదు సారూ, జూపార్క్."

ఆ రోజు నుంచి సాయన్న ఎలుకల బోను పెట్టడం మానేశాడు. సారు చుట్టాలను చంపితే పాపం తగులుతుందట. దాంతో లాడ్జిలో ఎలుకలు ఎంత బలిశాయంటే, మెట్లు దిగేటప్పుడు ఆయాసపడి మధ్యలో ఆగి రెయిలింగు పట్టుకునేవి.

ఇట్లా నడుస్తుండగా ఒక ఆదివారం పొద్దున ఒక అమ్మాయి కౌంటర్ ముందు నిలబడింది.

"సింగిలా, డబులా?" అన్నాడు వామన్‌రావు తల ఎత్తకుండా.

"మామయ్యా, నేను మృదులను."

తల ఎత్తాడు. సౌభాగ్య ముక్కు, సౌభాగ్య గడ్డం. కళ్లు మాత్రం రోజూ గడ్డం గీసుకునేటప్పుడు తన అద్దంలో కనిపించేవే. మేనమామ పోలిక వస్తే అదృష్టమంటారు పెద్దవాళ్లు. ఆయన నోట వచ్చిన మాట ఇది:

"నేను నాగ్‌పూర్‌ల కద ఉన్న?"

"అమ్మ చెప్పేసింది మామయ్యా" అంది మృదుల. అని, నవ్వబోయి ఏడ్చింది.

ఆమెకు మాఘంలో పెళ్లి. పెళ్లికొడుకు సుశాంత్, గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగి. ఈలోగా జ్ఞానదంతం పీకించుకుంటే నెత్తురు పొద్దుపోయినా ఆగలేదు. "మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా ఉందా?" అని డాక్టర్ అడిగేసరికి పక్కనున్న సౌభాగ్య ముఖం సున్నం కొట్టినట్టయింది. కూతురు వదిలితేనా? తవ్వి తవ్వి నాగ్‌పూర్‌ను పునాదులతో సహా పెకలించింది.

"ఇప్పుడు నాలో ఆ జన్యువు ఉందో లేదో తెలియాలి. ఉంటే నాకు పుట్టే కొడుకులకు రావచ్చు. కానీ డాక్టరమ్మ ఏమంటుందంటే, ముందు రోగం ఉన్న మనిషి రక్తం చూడాలట. మీ దగ్గరికి అమ్మను కూడా రమ్మంటే రానంది. మీరు వస్తారా?"

ఏ మనిషిని దాచి పెళ్లిళ్లు చేసుకున్నారో ఆ మనిషితోనే ఇప్పుడు పని పడింది. ఇంకొకరైతే ఒక మాట అనేవాళ్లు. వామన్‌రావు, "చాయ్ తాగుతవా బిడ్డా?" అన్నాడు.

దవాఖానలో డాక్టర్ ఉజ్వల చిన్నది, మాట నెమ్మది. ఆయన చేతిలో అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం చూసి దాంతోనే చెప్పింది.

"ఒక్కోసారి పుస్తకంలో అక్షరం చెరగదు, కాగితం చిరగదు. కుట్టేటప్పుడు కొన్ని పేజీల కట్ట తలకిందులుగా పడుతుంది. పేజీలన్నీ ఉంటాయి, కథ నడవదు. మీ అంత తీవ్రంగా ఉన్నవాళ్లలో సగం మందికి దగ్గర దగ్గర జన్యువులో జరిగేది అదే. మీ దాంట్లో తప్పు ఎక్కడుందో చూస్తే, మృదుల దాంట్లో అదే చోట వెతుకుతాం."

"మగవాళ్లకు ఒకటే పుస్తకం అంటరు కదమ్మా."

"అవును. ఈ జన్యువు మీకు ఒకటే ప్రతి, అమ్మ దగ్గర నుంచి వచ్చింది. ఆడవాళ్లకు రెండు. ఒకటి పాడైనా రెండోది చదువుకుని బతుకుతారు. కానీ బిడ్డకు ఏది ఇస్తారో వాళ్ల చేతిలో ఉండదు."

"ఇప్పుడు మంచి జన్యువునే లోపలికి పంపే వైద్యం వచ్చిందట?"

"వస్తోంది. మెల్లమెల్లగా. అయితే పోయిన మోకాలిని అది తేలేదండీ."

"మోకాలి ఫికర్ లేదు" అన్నాడు ఆయన, చొక్కా చెయ్యి మడుస్తూ.

ఫలితం రావడానికి వారాలు పట్టింది. ఆ వారాలే వామన్‌రావు బతుకులో పండగలు. ప్రతి ఆదివారం మృదుల వచ్చేది. ఇద్దరూ అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల వెంట నడిచేవాళ్లు. ఆమె ఎప్పుడూ జనం వైపు నడిచేది, మోచెయ్యి కొంచెం బయటకు పెట్టి. మామయ్యను ఎవరూ తోసెయ్యకుండా. అంత రద్దీలో ఆయన అట్లా తిరగడం అదే మొదలు. అమ్మమ్మ సంగతులు, మోకాలి సంగతులు, ఎలుకల సంగతులు అడిగేది. సాయన్న ఆమెకు లాడ్జి ఎలుకలను వరసలు పెట్టి పరిచయం చేశాడు. "గిది మీకు పెద్దమ్మ అయితది."

ఒక మధ్యాహ్నం ఖాళీ కౌంటర్ దగ్గర వామన్‌రావుకు ఒక ఆలోచన వచ్చింది. మృదులలో ఆ తప్పు ఉంటే? రేపు కొడుకు పుట్టి వాడికి వస్తే, సూది ఎట్లా గుచ్చాలో, కీలు వాస్తే మంచుగడ్డ ఎట్లా పెట్టాలో, బళ్లో ఆటల పీరియడ్‌లో ఒంటరిగా కూర్చున్నవాడికి ఏం చెప్పాలో ఆమెకు మామయ్య కావాలి. తప్పు లేకపోతే మామయ్యతో ఏం పని? ఉంటే బాగుండని ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం అనిపించింది. తన చెంప తానే పగలగొట్టుకుందామని చెయ్యెత్తి, చిగురు చిట్లితే నెత్తురాగదని దించాడు. లెంపలు వేసుకునే భాగ్యం కూడా లేని మనిషి.

ఫోన్ వచ్చింది.

"మామయ్యా! లేదు! నాకు లేదు! మీ దాంట్లో ఆ కట్ట తిరగబడే ఉందట, నావి రెండూ సరిగ్గా ఉన్నాయట. పన్ను దగ్గర ఏదో గాటు లోతుగా పడిందంతే."

"చల్లగుండు బిడ్డా" అన్నాడు. గొంతు నిండా అన్నాడు. ఫోన్ పెట్టేసి రెండు అరచేతులూ కౌంటర్ మీద పరిచి చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. పెళ్లి చీరలు. ఆ తర్వాతిది శుభలేఖలు. ఆయన పుస్తకాల దాకా ఒక్కడే వెళ్లి, జనం మొదలయ్యేసరికి వెనక్కి వచ్చాడు.

సంత్రాల రోజున పోస్టాఫీసు మెట్ల దగ్గర సౌభాగ్య మొదటిసారి ఆటోను పంపేసి నిలబడింది.

"అన్నయ్యా, దానికి లేదు కదా. ఇంక ఎవరికైనా చెప్పడానికి ఏముంది?"

"ఏముంది. ఏం లేదు."

"మేనమామ లేకపోతే బుట్టలో కూర్చోనంటుంది. మొండిది. బుట్ట పవన్‌కుమార్ మోస్తాడు, దాని బాబాయి కొడుకు. నువ్వు చెయ్యి ఆనిస్తే చాలు. వస్తావు కదా?" ఆమె సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "కాకపోతే... నాగ్‌పూర్ నుంచి రావాలి."

ఆయన మనసులో నాగ్‌పూర్ మీదుగా వచ్చే బండ్లను తిరగేశాడు.

"ఢిల్లీ బండికి వస్తా" అన్నాడు.

పెళ్లికి ముందు రోజు లాడ్జిలో ఎవరో వదిలేసి పోయిన సూట్‌కేసు దులిపి సాయన్న ఆయన్ను రోడ్డు దాటించాడు. "నాగ్‌పూర్ల చలి ఎక్కువ ఉంటదట సారూ, మఫ్లర్ కట్టుకోన్రి" అని ఆటపట్టించాడు గాని, స్టేషన్ గేటు దగ్గర ఆయన వంగని కాలి వైపు చూసి చెయ్యి అందించాడు. వామన్‌రావు ప్లాట్‌ఫారం టికెట్ కొని, ఒక స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఢిల్లీ బండి వచ్చింది. మూటలు, పెట్టెలు, పిల్లలు, కూలీలు ఆయన రెండు పక్కల నుంచీ ఏరులా పారారు. అందరినీ ఎవరో ఒకరు పేరు పెట్టి పిలుస్తున్నారు.

"మామయ్యగారూ!"

మృదుల చూపించిన ఫోటోలోని ముఖమే. సుశాంత్ తనే వచ్చాడు. వంగి కాళ్లకు మొక్కి సూట్‌కేసు అందుకున్నాడు.

"ఇంత తేలిగ్గా ఉందేంటి మామయ్యగారూ? ఉండేది రెండు రోజులేనా? కారు బయటే ఉంది, మెల్లగా రండి. మృదుల పొద్దున్నుంచి మీ మాటే. తనకు ఇంకా చెప్పలేదు గాని నేను అనుకున్నాను, పెళ్లయ్యాక మొదట మీ దగ్గరికే వస్తాం. నాగ్‌పూర్‌లో దిగి రెండు రోజులు మీ ఇంట్లో ఉంటాం. అడ్రస్ చెప్పండి, ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకుంటాను."

అతను నిజంగానే ఫోన్ తీసి, బొటనవేలు ఆనించి, ఎదురు చూస్తున్నాడు. గేటు అవతల, ఆటోల మీదుగా, లాడ్జి బోర్డు కనిపిస్తోంది. వామన్‌రావు దాని వైపు చూశాడు, పిల్లవాడి వైపు చూశాడు.

"నాగ్‌పూర్ నేను ఎన్నడూ చూడలే బాబూ. గా ఎదురుంగున్న లాడ్జిల ఉంటా, కౌంటర్ల."