కొమురయ్య కూర్చునే చోటు

దయ్యాల మాటెత్తితే నాకు చిరాకు. ఇరవై ఏళ్లుగా పాత కార్లతో కుస్తీ పడుతున్నవాణ్ని. బండి ఆగిందంటే దానికో కారణం ఉంటుంది, విప్పి చూస్తే దొరుకుతుంది. దొరకలేదంటే చూసినవాడికి పని రాదని అర్థం. ఇప్పటికీ నేను అనేది అదే. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

నాకు జనగామలో బ్యాటరీల దుకాణం ఉంది. రెండేళ్ల కిందట భూపాలపల్లిలో ఒక షెడ్డు వెనుక దుమ్ము కొట్టుకుపోయిన అంబాసిడర్ కనిపించింది. మీటర్లు, స్టీరింగ్, తలుపుల పిడులు అన్నీ మొదట వచ్చినవే. అలాంటి బండి కంటపడితే ఈ పిచ్చి ఉన్నవాడికి అన్నం సయించదు.

దాన్ని చిట్యాల దగ్గర కొమురయ్య అనే ఆయన కిరాయికి నడిపేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. అమ్మకం కాగితాల మీద ఆయన భార్య లచ్చవ్వ వేలిముద్ర కోసం వాళ్ల ఊరు వెళ్లాను. అవ్వ బేరం ఆడలేదు. ఒక్కటే అడిగింది.

"ఛాతీల నొస్తుందని మీ తాత తానే కారు తోలుకుంట భూపాలపల్లి దవాఖానకు పోయిండు బిడ్డా. పీనుగను వేరే బండిల తెచ్చిండ్రు. గా కారేమో ఆడనే ఉండిపాయె. ఆయన కారుల ఆయన ఇంటికి రానేలేదు. బాగు చేసినంక ఒక్కపారి మా వాకిట్ల తెచ్చి నిలబెట్టు, సాలు."

"తప్పకుండ తెస్త అవ్వా" అన్నాను. అప్పుడు నా మనసులోనూ అదే ఉంది.

బండిని ఇంటి వెనుక షెడ్డులో పెట్టి పని మొదలుపెట్టాను. ముందు సీటు బల్లలా ఒకటే పొడవు. డ్రైవర్ తలుపు వైపు చివర బాగా కుంగి ఉంది. కొమురయ్య మోచేయి కిటికీ మీద వేసి, పక్కకు ఒరిగి నడిపేవాడట. సీట్ల పనిచేసే సత్తార్ భాయ్ స్ప్రింగులు, పీచు, రెక్సిన్ అన్నీ కొత్తవి వేశాడు.

పదో రోజున చూస్తే అదే చోట రెండు వేళ్ల లోతు గుంట. అప్పటికి బండికి ఇంజనే బిగించలేదు. అందులో కూర్చునే పని ఎవరికీ లేదు. షెడ్డు తాళం నా జేబులోనే ఉంటుంది.

సత్తార్ భాయ్ మళ్లీ వేశాడు. మళ్లీ కుంగింది. "నా పనిల కసర్ లేదన్నా. ఎవరో రోజు కూసుంటున్నరు" అని విసుక్కున్నాడు. మూడోసారి పిలిస్తే రాలేదు.

ఒక పొద్దున సీటు మీద పొడవునా పేపరు పరిచి తాళం వేశాను. సాయంత్రం తీస్తే ఆ ఒక్క చోటే పేపరు నలిగి కిందికి దిగి ఉంది. ఎలుకలు అనుకున్నాను. ఎలుకలు కూర్చుంటాయా అని మా ఆవిడ అడిగితే ఆమె మీద అరిచాను.

ఈలోగా లచ్చవ్వ కూతురు సరోజన మూడుసార్లు ఫోన్ చేసింది. అమ్మ కారు గురించి అడుగుతోందని. మొదటిసారి రంగు ఆరలేదన్నాను. రెండోసారి వానలన్నాను. మూడోసారి అమ్మ మంచం పట్టిందని చెప్పింది. అప్పటికి బండి నిక్షేపంగా నడుస్తోంది. కానీ పై నెలలో హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శన. చిట్యాల దారిలో కంకర ఎగిరి కొత్త రంగు మీద పడితే? ప్రదర్శన అయ్యాక తెస్తానన్నాను.

ప్రదర్శనలో అందరూ బండిని చూసి మురిసిపోయారు. మార్కులు వేసే పెద్దమనిషి మాత్రం ముందు సీటులో గుంట చూసి పెదవి విరిచాడు. నాకు ఒళ్లు మండింది.

జనగామ చేరిన రెండో రోజే సరోజన ఫోన్ వచ్చింది. ఈసారి కారు అడగలేదు. అవ్వ పోయిందని చెప్పింది.

పదకొండో రోజున ఆ కారులోనే వాళ్ల ఊరు వెళ్లాను. వాన కురుస్తూనే ఉంది. కిటికీల దాకా బురద కొట్టింది, ఆపి తుడవాలనిపించలేదు. వాకిట్లో ఇంజన్ ఆపగానే సరోజన వచ్చి తలుపు పట్టుకుని ఏడ్చింది.

"కారు సప్పుడైతే సాలు, మంచంల లేసి కూసునేది అన్నా. గదేనా, నాయిన కారేనా అని అడిగేది."

దిగి, తలుపు వేయబోతూ సీటు వైపు చూశాను. గుంట లేదు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఎత్తు. చేత్తో నొక్కి చూశాను, స్ప్రింగులు గట్టిగా ఎదురు తన్నాయి. వచ్చేటప్పుడు ఒరిగిపోకుండా నడుం బిగబట్టి కూర్చున్నది ఆ గుంటలోనే. సరోజనకు చెప్పలేదు.

ఇది జరిగి ఏడాది. రోజూ చూస్తాను, మళ్లీ కుంగలేదు. కుంగిన స్ప్రింగు తనంతట తాను లేవదని పిల్లవాడికైనా తెలుసు. సత్తార్ భాయ్ ముందు ఈ మాట ఎత్తితే మాట మారుస్తాడు.

ఆ సీటు ఎందుకు కుంగిందో, ఎందుకు లేచిందో నాకు తెలియదు. లచ్చవ్వ బతికుండగా ఆ వాకిట్లోకి ఎందుకు వెళ్లలేదో మాత్రం తెలుసు. రంగు మీద గీతలు పడతాయని.