పడవ కింద ఒక పిసరు

నాగుల్ మీరాకు ఈ లోకంలో ఏదీ సరిగ్గా ఉన్నట్టు కనిపించదు. అన్నీ ఒక్క పిసరు తేడాగా ఉంటాయి. ఆ పిసరు సర్దేదాకా ఆయనకు అన్నం సయించదు.

బందరులో ఆయన లాంచీల ఇంజన్లు బాగుచేస్తాడు. మంచి పనివాడు. అయితే పని ఇంజనుతో ఆగదు. ఒకసారి గడ్డం గీయించుకుంటూ, మొహానికి సగం సబ్బుతో కుర్చీలోంచి దిగాడు.

“ఏమైంది సాయిబు గారూ, తెగిందా?” అని మంగలి కంగారుపడ్డాడు.

“కుర్చీ ఒక్క పిసరు పడమటికి వాలింది. నువ్వు నిలబడు, నేను చూస్తాను.”

సిగరెట్టు పెట్టె అట్ట మడిచి కోడు కింద పెట్టాడు. అటు వాలిన కుర్చీ ఇటు వాలింది. ఇటు సర్దితే అటు. చీకటిపడేవేళకు కుర్చీ నిటారుగా నిలిచింది. సబ్బు మొహం మీదే ఎండిపోయింది.

గుడివాడలో మేనకోడలి పెళ్లికి వెళ్లి మైకు గొట్టాన్ని ఒక్క పిసరు తిప్పాడు. అంతే, పందిట్లో పాట వినపడలేదు. కాసేపటికి పక్క వీధిలోంచి ఒక కానిస్టేబులు వచ్చి, “పాటలు బావున్నాయండీ, కానీ మా ఇన్‌స్పెక్టరు గారు స్టేషన్లో ఫోను మాట్లాడలేకపోతున్నారు” అని మర్యాదగా చెప్పి వెళ్లాడు.

మోపిదేవి బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికితే అద్దం సర్దేవాడు. “సాయిబు గారూ, ఆ అద్దంలో నాకు వెనకొచ్చే లారీ కనపడాలి. మీ గడ్డం కాదు” అనేవాడు డ్రైవరు.

ఆయన భార్య ఖైరున్ బీ మాత్రం విసుక్కునేది కాదు. “నిఖా రోజున నా ముసుగే ఒక పిసరు జరిపాడు. ఖాజీ గారు దగ్గి దగ్గి చచ్చిపోయారు. ఇక మిగతావాళ్లెంత?” అనేది.

ఇదంతా తెలిసే ఏడుకొండలు ఆయన్ని పిలిచాడు. గత్యంతరం లేక పిలిచాడు.

ఏడుకొండలు బెస్తవాడు. తుఫాను వలలన్నిటినీ పట్టుకుపోయాక, నాగాయలంక రేవులో జెట్ బోటు నడిపే పని దొరికింది. ఆ బోటు తుఫాను సాయంగా వచ్చినది. దానికి లాంచీలకున్నట్టు నీళ్లలో తిరిగే ఫ్యాను బయట ఉండదు. కడుపులోకి నీళ్లు పీల్చి వెనకనుంచి చిమ్ముతుంది. మోకాటి లోతులోనూ పోతుంది. రోజూ ఏరు దాటి లంకలకు నర్సు రాహేలును తీసుకెళ్లాలి. జబ్బుచేసినవాళ్లను ఇవతలికి తేవాలి.

ఒక్కటే లోటు. అది నడిచేది కాదు, ఈడిగిలబడేది.

బోటును చూసుకునే సంఘం తరఫున వెంకటపతి గారు గుడివాడ నుంచి వచ్చి బోటెక్కి చూశారు. మెళ్లో తాడుకు కట్టిన గడియారం, కాళ్లకు మెరిసే బూట్లు. వాళ్ల పక్కనుంచే మామూలు లాంచీ ఒకటి హారను కొట్టుకుంటూ దాటిపోయింది.

“ఏమోయ్, లాంచీ కంటే వెనకొచ్చే బోటు దేనికోయ్? వచ్చే నెల మళ్లీ వస్తాను. అప్పటికీ ఇంతే అయితే గోదావరి వైపు పంపించేస్తాం” అన్నారు.

బోటు పోతే ఏడుకొండలు పని పోతుంది. లంకల్లో రోగమొస్తే మళ్లీ గెడవేసే నాటుపడవే గతి.

నాగుల్ మీరా వచ్చాడు. నీరు తీసినప్పుడు బురదలో వెల్లకిలా పడుకుని బోటు కింద చూశాడు. వెనక అంచున, నీళ్లు చిమ్మే చోటికి దిగువన, పీటంత ఇనప పలక ఒకటి ఉంది. దాన్ని పట్టి ఉంచే బోల్టులు బిగిస్తే పలక పైకి లేస్తుంది, వదులు చేస్తే కిందికి వాలుతుంది.

“ఇదీ సంగతి అల్లుడూ. పలక దిగితే బోటు మూతి నీళ్లకు ఆనుకుని బుద్ధిగా పోతుంది. లేస్తే మూతి గాల్లోకి లేచి పరిగెత్తుతుంది.”

“అయితే లేపు మావయ్యా!”

లేపాడు. బోటు పరిగెత్తలేదు, ఎగిరింది. నీటి మీద విసిరిన పెంకులా దూకుతూ పోయింది. ఏడుకొండలు కేక పెట్టాడు. లాంచీవాళ్లు నోళ్లు తెరిచారు. పని అయిపోయిందనుకుని ఏడుకొండలు ఆ పూట రొయ్యల కూర వండించాడు.

మర్నాటికి మీరా ముఖం మాడిపోయి ఉంది. రేవులో రాహేలు ఆయనతో ఏదో చాలాసేపు మాట్లాడి వెళ్లింది.

“ఒక్క పిసరు దించాలి” అన్నాడు.

ఆ మర్నాడు బందరు నుంచి ఖైరున్ బీ దిగింది. ఆమె చంకలో ఒక గుమ్మడికాయ. బోటు ముందు బల్ల మీద కూచుని, గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని, పాత చీరతో నడుముకు కట్టుకుంది. మీరా ఆమెకు ఎదురుగా కూచుని గుమ్మడికాయనే చూస్తున్నాడు.

“అత్తా, ఈ గుమ్మడికాయేంటి?” అన్నాడు ఏడుకొండలు.

“మీ మావయ్యనడుగు.”

“మూతి బరువు కోసం” అన్నాడు మీరా. “ఇక బోటు పోనీ.”

నడి ఏట్లో గుమ్మడికాయ ఎగిరి ఖైరున్ బీ గడ్డానికి తగిలింది. మీరా బోటు ఒడ్డుకు తిప్పించాడు. పలక ఒక పిసరు దిగింది. తర్వాత రోజు కట్టు జారి కాయ ఏట్లో పడింది. దానికోసం బోటు వెనక్కి తిప్పించి, చేపల్లే పట్టి తెచ్చాడు. గట్టుమీద కోటిలింగం అనే లాంచీ డ్రైవరు రోజూ కాచుకుని కూచునేవాడు.

“మీరా భాయ్, పులుసులోకా, దప్పళంలోకా?”

“ఇంకొక్క పిసరు కోటిలింగం, ఇంకొక్క పిసరు.”

పలక దిగుతూ వచ్చింది. వేగమూ దిగుతూ వచ్చింది.

“లేపమంటే దించుతావేంటి మావయ్యా? నా నోట్లో మట్టి కొడతావా? గుమ్మడికాయ సుఖంగా ఉంటే చాలా నీకు?”

“కోపం కూడా ఒక పిసరు తగ్గించు అల్లుడూ” అని మీరా మళ్లీ బురదలో పడుకున్నాడు.

చివరికొక రోజు గుమ్మడికాయ కదలలేదు. ఖైరున్ బీ కాయ మీద చేతులు పెట్టి చూసింది. “నిద్రపోతోంది” అంది. మీరా పొంగిపోయాడు. లాంచీ మళ్లీ వాళ్లను దాటిపోయింది.

వెంకటపతి గారు వచ్చే రోజు తెల్లవారుతుండగా, ఎవరూ లేకుండా చూసి ఏడుకొండలు బోటు కింద దూరాడు. బోల్టులు బిగించి పలకను మీరా మొదట లేపిన చోటికి లేపేశాడు. ఇందులో అతనికి తప్పేమీ కనిపించలేదు. బోటు ఇక్కడ మిగలాలి, అంతే.

వెంకటపతి గారు గడియారం పట్టుకుని ఎక్కారు. మీరా వెనక కూచున్నాడు. బోటు ఎగిరింది. వెంకటపతి గారి కళ్లజోడు ఒకసారి నుదుటి మీదికి, ఒకసారి పెదవుల మీదికి వచ్చింది.

“పళ్లు కదిలాయి గానీ, వేగం బ్రహ్మాండంగా ఉందోయ్! తిరుగు ప్రయాణం కూడా ఇంతే వస్తే మరి ఢోకా లేదు.”

మీరా ఏడుకొండలు వీపు వైపు చూస్తూ కూచున్నాడు. ఆ చూపు వీపుకు తెలుస్తూనే ఉంది.

ముందురోజే లంకకు వచ్చి ఉండిపోయిన రాహేలు ఒడ్డున ఎదురుచూస్తోంది. పక్కన ఎల్లమ్మ. నెలలు నిండాయి. కాళ్లు వాచి ఉన్నాయి. ఈ పూటే అవనిగడ్డ ఆస్పత్రికి చేరాలి.

“నేనెక్కను” అంది ఎల్లమ్మ. “ఈ గుర్రమెక్కి మా వదిన పది రోజులు నడుం పట్టుకుంది. ఆలీసమైనా నాటుపడవలోనే పోతా.”

“నాటుపడవ చేరేసరికి చీకటి పడుతుందే పిల్లా!” అంది రాహేలు. “మీ వదిన సంగతి నేను చెప్పాకే కదా మీరా గారు మొత్తం మార్చింది. ఖైరున్ బీ గుమ్మడికాయ కట్టుకుని తిరిగిందెందుకనుకున్నావు? అది నీ కడుపు లెక్క. కాయ కదలకపోతే బిడ్డ కదలదని. మీ లంకలో కడుపుతో ఉన్న ప్రతి ఆడపిల్ల దగ్గరికీ ఆవిడ వచ్చి, ఎక్కడ నొప్పి పుడుతుందో అడిగి వెళ్లలేదూ?”

ఏడుకొండలు చేతిలోని తాడు జారింది.

“మరి ఇప్పుడు ఎగిరిందేం?” అంది ఎల్లమ్మ. “గట్టుమీంచి నేను చూడలేదా?”

అందరూ మీరా వైపు చూశారు.

“నాదే పొరపాటమ్మా” అన్నాడు మీరా. “సరిగ్గా బిగించలేదు. ఇప్పుడే సర్దుతాను.”

ఏడుకొండలు ఆయన చేతిలోంచి పానా లాక్కున్నాడు.

“ఆయన కాదండీ, నేను. పొద్దున నేనే లేపాను. నేనే దించుతాను.”

“ఆలోచించుకోవోయ్” అన్నారు వెంకటపతి గారు గడియారం చూపిస్తూ. “ఇది నడుస్తూనే ఉంటుంది.”

“నడవనీయండి.”

నలుగురు పట్టి బోటు వెనక భాగాన్ని బురద మీదికి లాగారు. ఏడుకొండలు చొక్కాతోనే కిందకు దూరాడు. మీరా పక్కన గొంతుక్కూచున్నాడు.

“చాలు అల్లుడూ. సరిపోయింది.”

“ఉండు మావయ్యా” అని కిందినుంచి వినిపించింది. “ఇంకొక్క పిసరు.”

మీరా మొట్టమొదటిసారి తనే విసుక్కున్నాడు.

ఎల్లమ్మ గొణుక్కుంటూ ఎక్కింది. బోటు నీటిమీద ఇస్త్రీపెట్టెలా సాగింది. సగం ఏరు దాటకముందే ఆమె తల రాహేలు భుజం మీద వాలింది. ఇంజను మోతలోనే చిన్నగా గురక.

వెనక నుంచి లాంచీ వచ్చింది. కోటిలింగం వాళ్లను దాటుతూ చెయ్యి హారను మీద వేశాడు. వెంకటపతి గారు చివాలున లేచి నిలబడ్డారు. ఒక వేలు పెదవుల మీద పెట్టుకుని, రెండో చేత్తో కొడతానన్నట్టు బెదిరించారు. కోటిలింగం బిత్తరపోయి చెయ్యి తీసేశాడు. లాంచీ దొంగలా పక్కనుంచి వెళ్లి గెలిచింది.

రేవు వచ్చింది. వెంకటపతి గారు ఏడుకొండలు చెవి దగ్గరకు వంగారు.

“బోటు ఇక్కడే ఉంటుంది. సంఘానికి నేను చెప్పుకుంటాను. అరవకు, పిల్ల పడుకుంది.”

చప్పుడు కాకుండా బూట్లు విప్పి చేత పట్టుకున్నారు. పంట్లాం పైకి మడిచి బురదలోకి దిగారు. మోకాళ్లదాకా దిగిపోయి, అక్కడే నిలబడి గట్టుమీది వాళ్లందరినీ సైగలతో గదమాయిస్తున్నారు. ఆయన్ని పైకి లాగడానికి మీరా ఒక పక్క, ఏడుకొండలు ఒక పక్క పట్టుకున్నారు.

అప్పుడు ఎల్లమ్మ కళ్లు తెరిచింది. బురదలో నిలబడ్డ ముగ్గురినీ చూసింది.

“ఏందయ్యా,” అంది, “ఇంకా బయల్దేరలేదా?”